రేకు కింద చెక్క

నాన్నా,

నువ్వు పోయాక ఏడాదిగా మూసి ఉన్న మన వెల్డింగ్ షాపు షట్టరు ఈ రోజు నేనే ఎత్తాను. మొదటి పని, కోంటా ఊరి బడి గేటు రేకుకు చిల్లులు వేయడం. ఆనించగానే డ్రిల్లు గడగడా అదిరింది. బిట్టు మార్చాను, స్పీడు తగ్గించాను, అయినా అంతే. షాపు వెనక ఇంట్లోంచి అమ్మ అరిచింది.

"ఏందే ఆ మోత? మీ నాయిన రేకు కింద చెక్క పెట్టేటోడు గదా!"

కోపం వచ్చింది, ఆ సంగతి నాకెందుకు గుర్తు రాలేదని. బెంచీ కింద నీ చెక్కదిమ్మ దొరికింది. రేకును దాని మీద పెట్టి క్లాంపులతో బిగించాను. ఈసారి బిట్టు అదరకుండా రేకులోంచి నేరుగా చెక్కలోకి దిగింది.

రేకు తీసి చూశాను. దిమ్మ నిండా నీ చిల్లులే. వాటి మధ్య ఒకటి మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.