బొటనవేలి గుంట

12 జూలై, ఆదివారం

పూజ్యురాలైన అక్కయ్యకు,

తమ్ముడు నమస్కరించి రాయునది. ఇక్కడ అమ్మా, నేనూ కులాసా. మూడేళ్ళుగా మాటల్లేవు, ఇప్పుడేం ముంచుకొచ్చిందని చింపి పారెయ్యకు. పార్సిల్ విప్పేముందు ఇది చదువు.

నాన్న పోయాక, చెక్క నునుపు చేసే ఆయన చిత్రిక కోసం ఎంత పోట్లాడుకున్నాం! పదేళ్ళు ఆ వడ్రంగం షెడ్డులో నేనూ చెమటోడ్చానని నువ్వన్నావు. నువ్వు జిగురు కాచి పెట్టావంతే, దాని పక్కన పట్టీ పట్టీ అరిగిన ఆ గుంట నాన్న బొటనవేలిదని నేనన్నాను. తెచ్చి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఈ మధ్య చేత్తో పట్టుకునే లేజర్ స్కానర్ ఒకటి చవకలో దొరికింది. వస్తువు చుట్టూ తిప్పితే ఎత్తుపల్లాలతో సహా దాని ఆకారం కంప్యూటర్లోకి దిగిపోతుంది. అచ్చు అలాంటిదే ప్లాస్టిక్‌లో తీయించి నీకు పంపితే గొడవ వదిలిపోతుందనుకున్నాను. నున్నగా మెరిసే చెక్క మీద లేజర్ సరిగ్గా పనిచెయ్యదంటే పౌడరు కూడా చల్లాను.

నకలు వచ్చింది. కుడిచేత్తో పట్టుకుంటే బొటనవేలు గుంటలో పడదు! గుంట అవతలి పక్కన ఉంది. మెషీన్ అద్దంలోలా తిరగేసిందనుకుని మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే. స్కానర్ అమ్మిన షాపతన్ని నిలదీస్తే, ఉన్నదున్నట్టే తీస్తుందండీ, ముందు అసలుది పట్టుకుని చూడండి అన్నాడు. చూశాను. అసలుదీ అంతే! ఇన్నేళ్ళలో దాన్ని పనిచేసేవాడిలా చేతపట్టిన పాపాన పోలేదు నేను.

నా బుర్ర తిరిగిపోతోంది. నాన్న సంతకం పెట్టింది కుడిచేత్తో, నా చెవి మెలేసింది కుడిచేత్తో. చిత్రిక ఒక్కటీ ఎడమచేత్తో పట్టేవాడా? అమ్మనడిగితే, అది కొన్న ఏడాదే ఆయన మణికట్టు పట్టేసింది, ఆ తర్వాత పనిముట్టు ముట్టిందెప్పుడురా అంది. హాస్టల్లో ఉన్నవాణ్ణి, నాకేం తెలుసు? మరి ఆ కుర్చీలూ బల్లలూ ఎవరు చేసినట్టు? మీ అక్కనే అడుగు అని లోపలికెళ్ళిపోయింది. నువ్వే చెప్పాలి.

ఇట్లు,
ఏమీ అంతుపట్టని నీ తమ్ముడు

తా.క.: చిరునామా కోసం నీ పాత ఉత్తరం తీశాను. ప్రతి వరుసా చేతి కింద పడి అలుక్కుపోయి ఉంది. ఎడమచేత్తో రాస్తావని చిన్నప్పుడు ఎంత ఏడిపించానో! పదేళ్ళ నీ పనిని జిగురు కాచడమన్నాను. సిగ్గేస్తోందక్కా. పార్సిల్ విప్పి మళ్ళీ కట్టాను. ఇప్పుడందులో ఉన్నది అసలుదే. గుంటలో ఇంకా కాస్త పౌడరు మిగిలింది. నీ బొటనవేలితో నువ్వే తుడుచుకో.