రెండు గుప్పిళ్ల దూది

మార్చి 11, మంగళవారం మధ్యాహ్నం

బ్రేక్‌డాన్సు నేర్పే మాస్టరమ్మగారికి,

మీ క్లాసులో అందరికన్నా పొట్టిది, మీరంతా ఉడత అని పిలిచే పిల్ల ఉంది చూడండి, దాని అమ్మమ్మని. గురువుగారు కాబట్టి నమస్కారాలు, నాకన్నా చిన్నవారు కాబట్టి దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, ఉడత ఎడమ మోకాలూ నా మెడా తప్ప. మోకాలి వాపు తీసింది. ఎముకకి ఏమీ కాలేదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు, మూడోసారి అడిగితే విసుక్కున్నాడు. నా మెడ మాత్రం వారం నుంచి పట్టేసింది. తలగడ ఎత్తయినట్టు అనిపిస్తోంది. వయసు మీద పడితే తలగడలు కూడా పెరుగుతాయి కాబోలు. మీరూ ఒళ్లు జాగ్రత్త. తల మీద నిలబడి మీరు గిర్రున తిరగడం ఒకసారి కిటికీలోంచి చూశాను, ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

నాలుగో తరగతితో ఆపేసినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి. ఇంతకీ రాయడం ఎందుకంటే, ఈ ఆదివారం ప్రదర్శనలోంచి ఉడత పేరు తీసేశారట. పోయిన మంగళవారం అది పడ్డప్పుడు, నేర్పినట్టు పడటం కూడా రాని పిల్లని స్టేజీ ఎక్కించలేనని, వచ్చే ఏడాది చూద్దామని అన్నారట. అది ఇంటికొచ్చి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. బూట్ల లేసులు లాగేసి, చుట్టచుట్టి, బూట్లతో సహా అల్మారా పైఅరలో పెట్టేసింది. వాళ్లమ్మ బస్సు డ్యూటీ దిగి వచ్చి ఏమైందే అంటే, నాదే తప్పు, ధ్యాస తప్పింది అంది.

తప్పు పిల్లది కాదమ్మా. ఆ పాత మోకాలి ప్యాడ్లే మోసం చేశాయి. మొదట్లో మీరు చీటీ రాసిస్తే కొన్నవే, కానీ ఆ కొట్టువాడు ఏ నాసిరకం అంటగట్టాడో! అందుకని శనివారం నేనే వేరే కొట్టుకి వెళ్లాను.

కొట్టాయన ముందుగా గట్టి ప్లాస్టిక్ చిప్పలున్న ప్యాడ్లు తెచ్చాడు. చక్రాల బూట్లవాళ్లు ఇవే వాడతారు, బండకేసి కొట్టినా పగలవు అన్నాడు. పగలడం కాదయ్యా, నాకు జారడం గురించి బెంగ అని చెప్పి, అవి నేనే కట్టుకుని కొట్టు మధ్యలో మోకాళ్ల మీద వాలాను. సర్రున జారి బంతుల బుట్టకి గుద్దుకున్నాను. ఆయన గుండె పట్టుకుని పరుగెత్తుకొచ్చి లేపి, ఇంతకీ డాన్సు ఎవరికి మామ్మగారూ అన్నాడు. వయసు అడక్కు, సైజు అడుగు అన్నాను.

ఉడత మోకాలి కొలత, నొప్పిలేని కాలిది, నిలబెట్టి ఒకటి, మడిచి ఒకటి రాసుకుని వెళ్లాను లెండి. సాక్సులా పైకి లాక్కునేవి, మోకాలిచిప్ప మీద మాత్రం పల్చటి స్పాంజి ఉన్నవి తీసుకున్నాను. మోచేతులకీ అలాంటివే. మణికట్టుకి లోపల రేకున్న పట్టీ మంచిదన్నాడు. అది కడితే చెయ్యి వెనక్కి వంగదు. మరి మీ పిల్లలు అరచెయ్యి నేలకానించే కదా ఒళ్లంతా మోసేది! మెత్తటి గుడ్డ పట్టీ ఇమ్మన్నాను. తల మీద తిరగడానికి టోపీ నున్నటిదే దొరికింది గానీ, లోపల సరిగ్గా నడినెత్తిన కుట్టు లావుగా ఉంది. అది విప్పి, పల్చగా పరిచి మళ్లీ కుట్టాను. ముప్పై ఏళ్లు పరుపుల కొట్లో దూది కూరిన చేతులివి, కుట్టు ఎక్కడుందో కనిపెడితే నన్నడగండి.

నిన్న డాక్టరు సరేనన్నాక, అవన్నీ తొడిగి దాన్ని ఇరవైసార్లు కూర్చోబెట్టి లేపాను. ప్యాడ్లు కిందికి జారలేదు, విప్పితే ఒంటిమీద ఎర్రటి గీత పడలేదు. ఎల్లుండి గురువారం క్లాసులో దాన్ని ఒక్కసారి చూడండి. అప్పుడూ కుదరదంటే మీ మాటే నా మాట.

ఇట్లు,
దిగులు తప్ప ఆస్తి లేని
ఉడత అమ్మమ్మ

తా.క. అంటించిన కవరు చింపి ఇది రాస్తున్నాను. ఇందాక నడుం వాలిస్తే మెడ మళ్లీ కలుక్కుమంది. ఇదేం పీడ అని తలగడ తిప్పి చూశాను. ఒక మూల కుట్టు నాది కాదు. ఎర్ర దారంతో వంకరటింకరగా ఉంది. విప్పితే నా మాసిన దూది మీద కొత్త తెల్ల దూది, రెండు గుప్పిళ్లు.

ఆ దూది నాకు తెలుసు. పాత ప్యాడ్లలో ఏ లోపమూ లేదు, అవి అమ్మిన కొట్టువాడు పాపం ఏమీ ఎరగడు. పోయిన మంగళవారం ఉడత స్నానానికి వెళ్లినప్పుడు, ప్యాడ్ల లోపలి గుడ్డ విప్పి, ఆ దూది కూరి, మళ్లీ కుట్టింది నేనే. దెబ్బ తగలకూడదని కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మోకాలు మడతపడకపోతే నావల్ల కాదని అదే మానుకుంటుందని మిగతా సగం. కాళ్లు తిప్పబోతే మోకాలు వంగకే అది పడింది.

దాని బ్యాగులోంచి ఆ పాత ప్యాడ్లు తీసి చూశాను. ఖాళీగా ఉన్నాయి. అంటే పడ్డ రోజే అది విప్పి చూసింది. ప్యాడ్లలో అంత సన్నటి కుట్టు మా ఇంట్లో నాది కాక ఇంకెవరిది? ఒక్క మాట చెబితే దాని పేరు ఉండేది. మీకు చెప్పలేదు, వాళ్లమ్మకి చెప్పలేదు, నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా దూది నా తలగడలో పెట్టేసింది. పదకొండేళ్ల పిల్ల. నేనేమో పైన అంత పొడుగు ఉత్తరంలో కొట్టువాణ్ణి ఆడిపోసుకున్నాను. అది కొట్టెయ్యను, అలాగే చదవండి.

ఈ ఉత్తరం నేనే వచ్చి మీ తలుపు కింద తోస్తాను. సాయంత్రం మా అమ్మాయికీ చెప్పేస్తాను. గురువారం ఉడతని నేనే తీసుకొస్తాను, ఈసారి కిటికీ దగ్గర కాదు, లోపల కూర్చుంటాను. భయమేస్తే కళ్లు మూసుకుంటాను గానీ నోరు తెరవను.

పైఅరలోంచి బూట్లు దించి లేసులు ఎక్కించాను. దానికి పడటం మీరు నేర్పండి. ఆ వంకర కుట్టు తిన్నగా వెయ్యడం నేను నేర్పుతాను. తలగడ మాత్రం ఆ దూదితోనే మళ్లీ అలాగే మూసేశాను. మెడ నొప్పెడితే పెట్టనీ.