నాన్ మీద తడిబట్ట

రజిత బాపూ,

నీ ఉద్యోగం మన బిడ్డకు వచ్చింది. వద్దంటే విన్నదా, నీ మొండితనమే దానిది. ఇవాళే మొదటిసారి గనిలోకి దిగింది. పొద్దున బూట్లు తొడుక్కుంటూ, "అవ్వా, నేనొచ్చేసరికి నాన్ చెయ్యి. బాపు చేసినట్టే మెత్తగుండాలె" అంది.

పెరుగు పోసి పిండి కలిపి నానబెట్టాను. నాన్‌కు ఒకవైపు నీళ్లు రాసి రొట్టెల పెంకకు అంటించి, నువ్వు చేసినట్టే పెంకను మంట మీద బోర్లించాను. బాగానే పొంగాయి. గట్టిపడకుండా తడిబట్ట కప్పాను.

షిఫ్టు దిగే వేళ దాటిపోయింది. మన గల్లీలోకి ఒక్క బండీ రాలేదు. బట్ట ఆరితే మళ్లీ తడిపాను. బిడ్డకు వేడిగా వేద్దామని ఆఖరి ముద్ద ఆపి, పొయ్యి సన్నగా పెట్టి, ఇది రాస్తున్నాను.

గనిలో నువ్వు పోయిన రోజు నాకెవరూ నోటితో చెప్పలేదు. ఎదురింటి సత్తెక్క వచ్చి, మాట్లాడకుండా మన పొయ్యి ఆర్పింది. చావు కబురొచ్చిన ఇంట్లో పొయ్యి వెలగొద్దు కదా.

ఇప్పుడు సత్తెక్క గడప దాటి లోపలికొచ్చింది.

"ఏందక్కా?" అన్నాను.

నా మొహం చూడకుండా వంటింటి వైపు నడుస్తోంది.