యాదయ్యకు చెప్పని మాట

శంషాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన విమలక్కకి,

నీకూ, బావగారికీ, పిల్లలకీ కరుణ వందనాలు. ప్రభువు దయ వల్ల ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? కాపడం పెట్టుకుంటున్నావా, బద్ధకిస్తున్నావా? రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటే అనుకుంటావు. నువ్వు ఫోను స్పీకర్లో పెడతావు, ఇల్లంతా వింటుంది. ఇది నీ ఒక్కదానికే చెప్పాలి. చదివాక బావగారికి చెప్తావో మానతావో నీ ఇష్టం.

మీ మరిదిగారికి ఎయిర్‌పోర్టు కార్గోలో పొద్దుటి షిఫ్టు వేశారు. మనిషి కులాసాగానే ఉన్నారు. చలి మాత్రం మన రేపల్లె చలి కాదక్కా, ఎండు చలి. పెదాలు పగిలి నవ్వలేకపోతున్నాం. ఇంటి మీదగా విమానం వెళ్ళినప్పుడల్లా మాట ఆపి మళ్ళీ అందుకోవడం అలవాటైపోయింది. చేపలు దొరుకుతాయిగానీ అన్నీ ఐసులో పడుకుని వచ్చినవే. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు. గోంగూర వద్దు, ఇక్కడా దొరుకుతోంది.

ఇక అసలు సంగతి. నేను పనిచేసే గోల్ఫ్ క్లబ్బు గురించి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పెద్దదేం కాదు, ఎయిర్‌పోర్టు అవతల తొమ్మిది గుంటల చిన్న మైదానం. కర్రతో బంతిని కొట్టుకుంటూ వెళ్ళి గుంటలో వెయ్యాలి, తక్కువ దెబ్బల్లో వేసినవాళ్ళది గెలుపు. ఆడేవాళ్ళు డాక్టర్లు, కాటేదాన్‌లో వర్క్‌షాపులున్నవాళ్ళు, రిటైరైన ఆఫీసర్లు. అందరూ సరదాకి ఆడేవాళ్ళే, కానీ పోటీ అంటే చిన్నపిల్లలైపోతారు. ఎవరు ఎవరితో ఆడాలి, ఎవరు ఎన్నింటికి మొదలుపెట్టాలి, కొత్తవాళ్ళకి ఎన్ని దెబ్బలు వదిలెయ్యాలి, స్కోరు కార్డు మీద ఇద్దరి సంతకాలు ఉన్నాయా లేవా, కప్పులు, టిఫిన్లు, అన్నీ మూడేళ్ళుగా నేనే చూశాను. "కరుణమ్మ ఉంటే మాకు బెంగ లేదు" అనేవారు ప్రెసిడెంటు డాక్టరుగారు. ఆ మాట కోసం ఆదివారం పొద్దుటి ఆరాధన మానుకుని, సాయంత్రం బుద్వేల్ చర్చికి వెళ్ళేదాన్ని.

ఆరు నెలల కింద సుజాత పనిలోకి వచ్చింది. జల్‌పల్లి అమ్మాయి, ఇరవయ్యారేళ్ళుంటాయి. నేను కాగితాల మీద గంటలు కూర్చుని వేసే జాబితా ఆ పిల్ల ఫోన్లో పది నిమిషాల్లో వేసేసింది. ఆట నడుస్తుండగానే ఎవరి స్కోరు ఎంతో అందరి ఫోన్లలో కనిపించేలా చేసింది. ఇక చూడు, ఎక్కడ విన్నా "సుజాతా, సుజాతా" అనే పిలుపే. పోనీ పొగరుదా అంటే అదీ కాదు. నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టి "అక్కా, నాకు నేర్పియ్యవా" అనేది. దానికింకా మండేది నాకు. చిన్నప్పుడు క్రిస్మస్‌కి నీ చేత పాట పాడించారని రెండు పూటలు అన్నం మానేశాను, గుర్తుందా? అదే గుణం అక్కా. ఇన్నేళ్ళొచ్చినా పోలేదు.

పోయిన నెల మా క్లబ్బు పెద్ద టోర్నమెంటు వచ్చింది. ఈసారి సుజాత చూసుకుంటుందని డాక్టరుగారు అందరి ముందూ అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. అరచేతులు మండేలా కొట్టాను.

మామూలు ఆదివారాల్లో అందరూ మొదటి గుంట దగ్గర్నుంచి వరసగా బయల్దేరతారు, ఏడో గుంటకి చేరేసరికి అక్కడ గడ్డి కోత అయిపోతుంది. ఈ పెద్ద పోటీకి మాత్రం ఈల వెయ్యగానే తొమ్మిది గుంటల దగ్గరా ఒక్కసారే మొదలుపెడతారు. అందుకని గడ్డి కోసే యాదయ్యకి ముందురోజే చెప్పాలి. ఆయన వెనక గేటు నుంచి వచ్చి, చెవులకి గుడ్డ చుట్టుకుని, ఏడో గుంట దగ్గర మిషను నడుపుతుంటాడు. అక్కడ మధ్యలో గుట్ట అడ్డం, కొట్టేవాళ్ళకి అవతల మనిషి కనపడడు. ఈ సంగతి ఏ కాగితం మీదా ఉండదు. ఏటా నేనే వెళ్ళి నోటితో చెప్పొస్తాను.

శనివారం సాయంత్రం సుజాత జాబితా తెచ్చి నా ముందు పెట్టింది. "అక్కా, జర సూడు. ఇంకేమన్న మర్సిపోయిన్నా?"

చూశాను. యాదయ్య గుర్తొచ్చాడు. నిజంగా గుర్తొచ్చాడక్కా, మరిచిపోయానని నీకు అబద్ధం చెప్పను. పొద్దున్నే మిషను అడ్డమొచ్చి ఆట ఆగుతుంది, పెద్దలు విసుక్కుంటారు, ఈ పిల్లకి ఓ మాట పడుతుంది, అంతే కదా అనుకున్నాను.

"అన్నీ బాగున్నాయమ్మా" అన్నాను.

పొద్దున ఈల వేసిన కాసేపటికే ఏడో గుంట వైపు నుంచి కేకలు. మేం పరుగెత్తేసరికి మిషను దానంతటది గుడగుడలాడుతోంది, యాదయ్య పక్కన కూలబడి ఉన్నాడు. బంతి చెవి పైన తగిలింది. మెడంతా రక్తం. సుజాత తన చున్నీ తీసి అదిమిపట్టి కూర్చుంది. పోటీ ఆపేశారు. దవాఖానాలో కుట్లు వేసి, స్కానింగు తీసి, ప్రాణానికి భయం లేదన్నారు. అప్పటిదాకా నేను చెయ్యని ప్రార్థన లేదు.

"నాదే తప్పు సార్. ఆయనకు చెప్పాల్నని నాకు తెల్వలే" అని సుజాత అందరి ముందూ ఏడ్చింది. డాక్టరుగారు నా వైపు తిరిగి, "ఇకనుంచి మళ్ళీ నువ్వే చూసుకో కరుణమ్మా" అన్నారు. ఆర్నెల్లుగా ఏ మాట కోసం కుళ్ళిపోయానో ఆ మాటే. తల ఊపి ఊరుకున్నాను. ఆ క్షణాన కూడా నోరు విప్పలేదక్కా.

మూడోరోజు పళ్ళు పట్టుకుని యాదయ్య ఇంటికి వెళ్ళాను. తలకి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"ఏంది మేడం, నువ్వొచ్చినవ్. నాకేం కాలే."

"నిన్న... మొన్న ఆట ఉందని నీకు తెలీదా యాదయ్యా?"

"మంది కనబడ్డరు. గని పెద్ద ఆట ఉంటే ముందురోజు నువ్వొచ్చి చెప్తవు గద. నువ్వు రాలే. గందుకే మామూలు ఆదివారమే అనుకున్న."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. టీ తెమ్మని భార్యకి చెప్తూ మామూలుగా అన్నాడు. నేను ఆ టీ తాగలేకపోయాను.

అక్కణ్ణుంచి తిన్నగా క్లబ్బుకి వెళ్ళాను. సుజాతని కూడా పిలిపించి, డాక్టరుగారి ముందు ఉన్నదున్నట్టు చెప్పాను.

"అడిగిన గదక్కా" అంది సుజాత. "నీ ముందల నిలబడి అడిగిన."

అంతే అని బయటికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

"నువ్వు చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు కదమ్మా" అన్నారు డాక్టరుగారు.

"యాదయ్య నా మీద పెట్టుకున్న నమ్మకం నాకు తెలుసు కదండీ" అన్నాను.

ఉద్యోగం తియ్యలేదు. టోర్నమెంటు పనుల్లోంచి తీసేసి ఆఫీసులో కూర్చోమన్నారు. యాదయ్య కూడా తెలుసుకోవాలి కదా, ఆయనకీ వెళ్ళి చెప్పాను. తల వంచుకుని, "గిట్ల చేస్తివా మేడం" అన్నాడు. ఇప్పుడు పనిలోకి వస్తున్నాడు. ఎదురుపడితే నమస్తే అంటాడు, ఇదివరకటిలా ఆగి మాట్లాడడు.

ఆగిపోయిన పోటీ ఇవాళ పొద్దున మళ్ళీ పెట్టారు. సుజాతే నడిపింది. నాకో పని చెప్పింది. ఏడో గుంట దగ్గర గుట్ట మీద నిలబడి, అవతల ఎవరూ లేరని చూసుకుని పచ్చజెండా ఊపాలి. ఇకనుంచి ప్రతి పోటీకీ అక్కడ ఒక మనిషి ఉండాలట. ఇన్నేళ్ళు నాకు ఆ ఆలోచనే రాలేదు చూడు.

గుట్ట మీద నుంచి మైదానమంతా కనిపించింది. టోర్నమెంటు రోజున నేనెప్పుడూ కాగితాల్లోంచి తలెత్తి ఎరగను. అవతల గడ్డంతా ఖాళీ. రెండుసార్లు చూసుకుని జెండా ఊపాను. సుజాత ఈల వేసింది. తొమ్మిది చోట్లా ఒక్కసారే చేతులు లేచాయి. ఎవరూ ఎవరికీ అడ్డం రాలేదు, ఎక్కడా ఒక్క కేక లేదు. నా చేతుల మీద ఏనాడూ ఇంత సాఫీగా జరగలేదక్కా. అది చూసి గుండెల్లో కలుక్కుమంది. ఇంత జరిగాక కూడా కలుక్కుమంది! జెండా మాత్రం దించలేదు. ఆట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

నా కోసం ప్రార్థన చెయ్యి. అసూయ పోవాలని వద్దు, అది ఇప్పట్లో పోయేలా లేదు. అది ఉన్నా సరే, నన్ను అడిగినవాళ్ళకి నిజం చెప్పే నోరు ఇమ్మని అడుగు.

బావగారికి, చిన్నత్తయ్యకి, పాస్టరుగారికి నా వందనాలు. పిల్లలకి ముద్దులు. నాకు నాలుగు చివాట్లు రాసి పంపు, ఫోన్లో వద్దు.

నీ ఆశీస్సు కోరే
చెల్లి కరుణ