చెయ్యి ఆనిన చోటు

జూన్ 9

వాడి గది తలుపు తీశాను. నాలుగు మెషీన్లూ దుప్పట్లు కప్పుకుని అలాగే ఉన్నాయి. ఆ దుప్పట్లు నేనే కుట్టిచ్చాను, మిగిలిన కర్టెన్ ముక్కలతో. నలుగురు మనుషులు గోడవైపు తిరిగి నిలబడినట్టుంది.

మళ్ళీ వేసేశాను.

జూన్ 10

మెషీన్లంటే కుట్టుమెషీన్లు కావు. నేను బట్టలు కుడతాను కాబట్టి అందరూ అదే అనుకుంటారు. ఇవి వీడియోగేమ్ మెషీన్లు. పాతకాలానివి, బీరువా అంత ఉంటాయి. బిళ్ళ వేసి, నిలబడి ఆడాలి. వాడి చిన్నప్పుడు బడి వెనక షాపులో ఉండేవి. చెవి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేదాన్ని. పెద్దవాడై లిఫ్ట్ మెకానిక్ అయ్యాడు, ఆదివారం వస్తే మళ్ళీ వీటి దగ్గరే. ఎక్కడ ఏ మూల పాతది పడి ఉందంటే అక్కడికి పరుగు. పెళ్ళెప్పుడురా అంటే, నలుగురు కోడళ్ళని తెచ్చాను కదమ్మా, ఇంకొకత్తెకి చోటేదీ అనేవాడు.

కిటికీ పక్కనున్నది ఆ షాపులోదే. రాకెట్ల ఆట. షాపు మూసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. దాని పిక్చర్ ట్యూబ్ పోయింది. అలాంటివి ఇప్పుడు ఎవరూ చెయ్యరట. ఇంకో ఊళ్ళో ఎవరి దగ్గరో ఒకటి ఉందంటే వెళ్ళి, బండి వెనక కట్టుకుని వస్తున్నాడు. వాన. లారీ.

ఎవరికి చెబుతున్నానో ఇదంతా.

జూన్ 14

ఈయన నోరు తెరిచారు. ఆ డబ్బాలే వాణ్ణి మింగాయి, ఇంకా ఇంట్లో ఉంచితే గొడ్డలి పెట్టి నరుకుతానన్నారు. మా ఇంట్లో గొడ్డలి లేదు. కూరగాయల కత్తికే పదును లేదు. నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు ఏడుపొచ్చింది.

అమ్మాయి ఫోన్లో అంతా విని, నాన్న ఊరుకోరమ్మా, నేను ఎవరినైనా పంపిస్తాను అంది.

జూన్ 17, మధ్యాహ్నం

అమ్మాయి చెప్పిన మనిషి వచ్చాడు. పాత మెషీన్లు కొని, విప్పి, ముక్కలుగా అమ్ముతాడు. మా వాడు కూడా అతని దగ్గర కొనేవాడట. అతనికి మా వాడు పెట్టిన పేరు కసాయి. ఆ సంగతి అతనే చెప్పాడు, నవ్వుతూ. మీవాడు నన్ను మొహం మీదే కసాయీ అని పిలిచేవాడక్కా, అంతలోనే టీ కూడా ఇప్పించేవాడు అన్నాడు. చెడ్డవాడిలా అనిపించలేదు.

వెనక తలుపు తీసి టార్చి వేశాడు, డాక్టరు గొంతు చూసినట్టు. మొత్తం మెషీన్ ఎవరూ తీసుకోరక్కా, ఎక్కడ పెట్టుకుంటారు, మేడెక్కించాలంటే నలుగురు కావాలి అన్నాడు. బోర్డు ఒకరికి పోతుంది, బటన్లు ఒకరికి, బిళ్ళలు వేసే తలుపు ఇంకొకరికి. మిగతా చెక్క పొయ్యిలోకి. నా మొహం చూసి గొంతు తగ్గించాడు. తప్పుగా అనుకోకక్కా, ఇది ఒక్కటి పోతే దీని వల్ల ఇంకో పది బతుకుతాయి అన్నాడు.

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

ఆసుపత్రిలో కూడా ఇలాగే, గొంతు తగ్గించి అడిగారు. కళ్ళు ఇచ్చాం. ఈయన సంతకం పెట్టారు. ఎవరికి పెట్టారో చెప్పరట. ఎక్కడో ఎవరో వాడి కళ్ళతో బస్సు నంబరు చూసుకుంటూ ఉంటారు. మంచిపనే. కాదనను. కానీ ఇంకా ఎన్ని ఇవ్వాలి?

మూడు తీసుకుపొమ్మన్నాను. కిటికీ పక్కదాని మీద చెయ్యి వెయ్యొద్దన్నాను.

జూన్ 18

గది నిండా వెలుతురు. ఇంత వెలుతురు ఎప్పుడూ లేదు. నచ్చలేదు.

రాకెట్లదాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. వాడిది ఎడమచేతి వాటం. ఆటలో రాకెట్‌ని తిప్పే పుల్ల ఎడమపక్క ఉంటుంది, బటన్లు కుడిపక్క. బటన్లు గబగబా కొట్టాలంటే వాడికి ఎడమచెయ్యే కావాలి. అందుకని చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి వేసి ఆడేవాడు, కత్తెరలాగా. షాపులో పిల్లలంతా వెక్కిరించేవాళ్ళు. ఓడిపోయి వెక్కిరించేవాళ్ళు.

అలా ఆడితే కుడిచెయ్యి బటన్లున్న పలక ముందరి అంచు మీద అడ్డంగా ఆనుతుంది. సరిగ్గా నడిమధ్యన. అక్కడ నీలం రంగంతా పోయి చెక్క తేలింది. చేప ఆకారంలో ఒక మచ్చ. పట్టులా నున్నగా ఉంది. ఎంతమంది పిల్లలు ఆడి ఉంటారు దాని మీద, అయినా అక్కడ ఇంకెవరి చెయ్యీ ఆనదు. ఆ మచ్చ పూర్తిగా వాడిదే.

నా చెయ్యి పెట్టాను. పట్టింది.

జూన్ 19

మళ్ళీ కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

జూన్ 25

సోడాబుడ్డి వచ్చాడు. వాడి చిన్నప్పటి నేస్తం. కళ్ళద్దాలు అంత మందం, ఆ పేరు పెట్టింది కూడా మా వాడే. అతనూ ఈ మెషీన్ల పిచ్చివాడే, కాకపోతే ముక్కలు చేసే రకం కాదు, బాగుచేసే రకం. కసాయి మూడు పట్టుకెళ్ళాడని తెలిసి గడపలోనే కూలబడ్డాడు. నాకొక్క మాట చెప్పి ఉండాల్సిందమ్మా అన్నాడు. తర్వాత దుప్పటి ఎత్తి, ఇది ఉందిలే, ఇది చాలు అని ఏడ్చాడు. అద్దాలు తుడుచుకోవడానికి నా కొలతల టేపు తీసుకున్నాడు, చూసుకోకుండా.

వాడు సగంలో వదిలిన పని నేను పూర్తిచేస్తానమ్మా, ట్యూబ్ వేసి ఆడేలా చేసి నీ ముందు పెడతాను అన్నాడు. ఈయన వరండాలోంచి వింటున్నారు. కాదనలేదు.

ఎలా చెయ్యమంటావమ్మా అని అడిగాడు. నాకేం తెలుసు. పాత చొక్కాకి కాలర్ తిప్పి కుడితే ఎలా కొత్తదైపోతుందో అలా చెయ్యి నాయనా అన్నాను. అర్థమైందమ్మా అన్నాడు. చాలా సంతోషపడ్డాడు.

జూన్ 26

ట్రాలీలో తీసుకెళ్ళారు. తాడు ఈయనే కట్టారు. ముడి బాలేదని విప్పి మళ్ళీ కట్టారు. గొడ్డలి మనిషి.

జూలై 8

ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టేశాను.

జూలై 21

సోడాబుడ్డి ఫోన్ చేశాడు. ఇంకో ట్యూబ్ దొరికిందమ్మా, కసాయి దగ్గరే ఉంది, మొదట బెట్టుచేశాడు కానీ ఏవో ఇచ్చి పుచ్చుకుని ఒప్పించాను అన్నాడు. నీకు సర్‌ప్రైజ్ అన్నాడు. ఈయనకి చెప్తే ఊఁ అన్నారు. కాసేపయ్యాక, బొమ్మ వస్తోందటా అని అడిగారు.

ఆగస్టు 3

వచ్చింది.

ఆగస్టు 3, సాయంత్రం

ఇందాక రాయలేకపోయాను.

సోడాబుడ్డి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్ళిచూపులకి వచ్చినట్టు. నన్ను కళ్ళు మూసుకోమన్నాడు. ప్లగ్గు పెట్టాడు. తెరవమన్నాడు.

బొమ్మ వచ్చింది. రాకెట్లు, చుక్కలు, ఆ సంగీతం. వాణ్ణి లాక్కొచ్చేటప్పుడు వెనకనుంచి వినపడే సంగీతం అదే. ఒక్క నిమిషం నిజంగా సంతోషం వేసింది.

తర్వాత కిందికి చూశాను. చేతులు పెట్టే పలక కొత్తది. నీలం అద్దంలా మెరుస్తోంది. నా మొహం కనపడుతోంది అందులో. అంచంతా తడిమాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే రంగు.

పాత పలక ఏదీ అని అడిగాను. అది ఉబ్బిపోయి, రంగంతా లేచిపోయిందమ్మా, అలాంటిది నీకు ఎలా ఇస్తాను, కొత్తది కోయించి, పాత ఫోటోలు చూసి అదే నీలం వేయించాను అన్నాడు. ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజు ఇలాగే ఉండేదట. పాతదాన్ని కసాయికి ఇచ్చాడు. దానికి బదులే అతను ట్యూబ్ ఇచ్చాడట.

బాగుందా అమ్మా అని అడిగాడు. అద్దాల వెనక కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు.

బాగుంది నాయనా అన్నాను. ఇంకేమంటాను? కాలర్ తిప్పమంది నేనే.

ఆగస్టు 5

కసాయి షాపుకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఒక గోడ నిండా బటన్లు, ఒక గోడ నిండా పుల్లలు. పెద్ద గుండీల షాపులా ఉంది. మధ్యలో చేప మచ్చ ఉన్న నీలం పలక కావాలన్నాను.

అదా అక్కా, అది వచ్చిన రెండో రోజే పోయింది అన్నాడు. సముద్రం అవతల ఎవరో తీసుకున్నాడట. కొందరికి కొత్తవి పనికిరావక్కా, అరిగినవే కావాలి, నిజంగా ఆడినట్టు కనపడాలి, దాని కోసం చచ్చిపోతారు అన్నాడు. అని మళ్ళీ నాలుక కరుచుకున్నాడు. ఈ మనిషికి ఆ మాట తప్ప ఇంకో మాట రాదు.

ఎందుకక్కా అని అడిగాడు. చెప్పాను. కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. నాకు తెలీదక్కా, తెలిస్తే గోడకి తగిలించి ఉంచేవాణ్ణి, నేను రాస్తానుండు, తిరిగి అడుగుతాను అన్నాడు.

సోడాబుడ్డికి చెప్పొద్దన్నాను. అతను తట్టుకోలేడు.

ఆగస్టు 9

ఏమీ రాలేదు.

ఆగస్టు 16

జవాబు వచ్చింది. కసాయి ఇంటికే వచ్చి ఫోన్ చూపించాడు. ఇవ్వడట. తన మెషీన్‌కి బిగించేసుకున్నాడట, అచ్చు సరిపోయిందట. మీ అబ్బాయికి జరిగింది విని చాలా బాధపడ్డాడక్కా, మర్యాదగానే రాశాడు, అందుకే ఇంకా బాగా చూసుకుంటానన్నాడు అన్నాడు. ఆ అబ్బాయిది ఎడమచేతి వాటమే అయ్యుంటుంది, గొప్పగా ఆడి ఉంటాడు అని కూడా రాశాడట. మచ్చ చూసి కనిపెట్టాడు.

మావాణ్ణి చూడకుండానే కనిపెట్టాడు. కోపం తెచ్చుకుందామంటే రాలేదు.

ఫోటో కూడా పంపించాడు. ఏదో గది, పసుపు లైటు, నీలం పలక, మధ్యలో చేప. వేలితో ముట్టుకున్నాను. పెద్దదైంది. ఇంకోసారి ముట్టుకుంటే పక్కకి జారిపోయింది.

ఆగస్టు 17

కళ్ళు ఒక చోట. చెయ్యి ఒక చోట.

ఆగస్టు 24

సోడాబుడ్డి చూడ్డానికి వచ్చాడు. ఆడుతున్నావా అమ్మా అని అడిగాడు. తుడిచి తుడిచి ఉంచుతున్నావు, భలే మెరుస్తోంది అన్నాడు. తుడవట్లేదు. ముట్టుకోవట్లేదు, అంతే.

అతను వెళ్ళాక ఈయన అడిగారు, ఆ మచ్చ ఏమైందని. ఆయనకి తెలుసని నాకు తెలీదు. ఎప్పుడు చూశారో. గొడ్డలి మాట అన్నప్పుడు కూడా తెలుసేమో.

కొత్తది వేశారని చెప్పాను. గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

సెప్టెంబరు 11

ఇవాళ కూడా నేను కుట్టుపనయ్యాక వెళ్ళి కొత్త పలక మధ్యన కుడిచెయ్యి అడ్డంగా ఆనించి కూర్చున్నాను. నేను లేచాక ఈయన అలాగే కూర్చున్నారు. ఇద్దరికీ ఆట రాదు.

రంగు చెక్కు చెదరలేదు.