ఎర్రదీపం చక్రవర్తి

మలంచా,
జూన్ 14

ప్రియమైన ఆమోసు పెదనాన్న గారికి,

సిరిల్ వందనాలు. పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోను చేశాను, మీరు ఎత్తలేదు. ఒకే ఊళ్లో, పక్కపక్క పేటల్లో ఉండి మీకు మెయిలు రాయాల్సి వస్తోందంటే మా నాన్న కూడా నవ్వారు. "మీ పెదనాన్న ఉజ్జోగంలో ఉన్నప్పుడూ అంతేరా, కాయితం మీద పెడితేగాని కదిలీవోడు కాదు" అన్నారు.

విషయం ఏమిటంటే, మన "పట్టాలమాటలు" గుంపులో ఈ ఏటి బిరుదుల ఓట్లు పూర్తయ్యాయి. నెట్టులో రైలాట ఆడేవాళ్లం ముప్ఫై ఒక్కరం, దాని మీద బ్లాగులు రాసేవాళ్లం పద్నాలుగు మందిమి. ఒకరినొకరు ఏడిపించుకోవడానికి ఏడాదికోసారి ఇచ్చుకునే బిరుదులే కదా ఇవి. ప్రతి పోస్టుకీ "మొదటి భాగం" అని పేరు పెట్టి రెండో భాగం ఎన్నడూ రాయని జెన్నిఫర్‌కి "అర్ధాంతర ఆస్థాన విదుషి". ఓడిన ప్రతిసారీ నెట్టు మీద నెపం తోసేసే అనిల్ కుమార్‌కి "సాకుల సామ్రాట్టు". మీకు ఇరవై మూడు ఓట్లతో, భారీ మెజారిటీతో "ఎర్రదీపం చక్రవర్తి".

ఎందుకో మీకే తెలుసు. ఆటలో మీ పక్క స్టేషన్ నాది. నా రైలు మీ వైపు పంపాలంటే నేను గంట కొట్టాలి, మీరు మీట నొక్కాలి. మీరు నొక్కేదాకా నా రైలు కదలదు. ఇదివరకు గంట కొట్టగానే పచ్చదీపం ఇచ్చేవారు. ఈ మూడు నెలల్లో మాత్రం మీరు నన్ను నిలబెట్టినంతసేపు చిన్నప్పుడు బడిలో మా లెక్కల సారు కూడా నిలబెట్టలేదు. పైగా ఆలస్యమైన ప్రతిసారీ ఏ రూలు ప్రకారం ఆపారో వివరిస్తూ రెండు పేజీల పోస్టు! అవి చదివి అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. రైల్వేలో పండిపోయినవారు, రూలు తప్పరు అనుకున్నాం.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్‌లో బిరుదుల సభ. ఆనవాయితీ ప్రకారం బిరుదు వచ్చినవాళ్లు మూడు ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు చెప్పాలి. తప్పకుండా రావాలి.

మీ
సిరిల్


నిమ్‌పురా,
జూన్ 16

ప్రియమైన సిరిల్,

నీ మెయిలు అందింది. నీ బిరుదు నాకక్కర్లేదు. ఇరవై మూడు మంది పనిలేనివాళ్లు ఓటేసినంత మాత్రాన నేను చక్రవర్తిని అయిపోను.

ముప్ఫై నాలుగేళ్లు యార్డు కేబిన్‌లో పనిచేశాను. నోటిమాట నమ్మి ఒక్క బండి కదపలేదు. నోటితో అన్నది ఎవడైనా మర్నాడు "నేననలేదు" అంటాడు. అందుకే ఫోను ఎత్తను. నీ మూడు ప్రశ్నలూ రాసి పంపు, మూడింటికీ రాసి జవాబిస్తాను. కాల్‌కి రాను.

మీ పెద్దమ్మ సుజాతమ్మ మా అమ్మాయి రెబెక్కా పురిటికని విజయనగరం వెళ్లి మూడు నెలలైంది. వంట, ఇల్లు, ఆట, బ్లాగు అన్నీ నా ఒక్కడి మీదే పడ్డాయి. నిన్న పప్పు మాడింది. ఈ మధ్యలో మీ వేళాకోళాలు ఒకటి. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం అని ఊరికే అనలేదు.

మీ నాన్నకి నా వందనాలు చెప్పు.

ఇట్లు
ఆమోసు


మలంచా,
జూన్ 17

ప్రియమైన పెదనాన్న గారికి,

కోపం తెచ్చుకోకండి. మీకొక్కరికి రాతలో ఒప్పుకుంటే జెన్నిఫర్ కూడా రాసిస్తానంటుంది, అదీ మొదటి భాగమే ఇస్తుంది. అప్పుడు సభ ఎందుకు?

మీకు చెప్పకూడదనుకున్నాను కానీ చెప్పక తప్పడం లేదు. గుంపులో అందరూ నవ్వడం లేదు. "ఆ పెద్దాయన కావాలనే రైళ్లు ఆపుతున్నాడు, స్టేషన్ తీసేసి వేరేవాళ్లకి ఇవ్వండి" అని ఐదుగురు పట్టుబట్టారు. స్టేషన్ పోతే గుంపులోంచి పేరూ పోతుంది, దాంతోపాటు మీ బ్లాగూ పోతుంది. మన నియమం అది, మీరే రాయించారు. ఆదివారం వచ్చి నాలుగు మాటలు నవ్వుతూ మాట్లాడితే ఆ వేడి చల్లారిపోతుంది. నా కోసం రండి.

మీ
సిరిల్


మలంచా,
జూన్ 22

ఆమోసు పెదనాన్న గారికి,

నిన్న సభకి వచ్చినందుకు సంతోషించాలో, ఎందుకు పిలిచానా అని తల బాదుకోవాలో తెలియడం లేదు.

జెన్నిఫర్ ఎంతో గౌరవంగా, "బిరుదు వచ్చినందుకు ఏమనిపిస్తోందండీ?" అని అడిగింది. మీరు "రెండు పూటలా నేనే వండుకుంటున్నాను" అన్నారు. సరే, హాస్యమనుకుని నవ్వాం. అనిల్ కుమార్ రెండో ప్రశ్న అడగబోతే మీరు జేబులోంచి కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టారు. తొమ్మిది నిమిషాలు! "ఆపండి పెదనాన్నా" అని నేను, "తాతగారూ, ప్రశ్న వినండి" అని వాళ్లు, అందరం గొంతు చించుకున్నాం. మీరు తలెత్తి చూసి, చిరునవ్వు నవ్వి, మళ్లీ చదివారు. చదవడం అయిపోగానే వందనాలు చెప్పి కాల్ కట్టేశారు. అంత నిర్లక్ష్యమా? నేనంటే లెక్కలేకపోతే పోనీ, ఆదివారం పూట పిల్లల్ని, పనుల్ని వదులుకుని కూర్చున్న వాళ్ల ముఖం చూడొద్దా?

కాల్ అవగానే ఓటు పెట్టారు. మీ స్టేషన్ తీసేయాలని పంతొమ్మిది మంది అన్నారు. నేను ఎటూ వేయలేదు. ముఖాముఖి మాట్లాడదామని ఈ రోజు టికెట్ కౌంటర్‌లో డ్యూటీ దిగి, దారిలో ట్రాఫిక్ పేటలో ఉన్న మా నాన్నని కూడా చూడకుండా నేరుగా ఐదింటికి నిమ్‌పురా వచ్చాను. లోపల టీవీ మోగిపోతోంది. అరగంట తలుపు బాదాను. మీ పక్కింటి ఎర్రయ్య గారు బయటికొచ్చి, "ఏటి బావూ, తలుపు ఇరగ్గొడతావేటి? పెద్దాయన లోపలే ఉన్నాడు, ఇప్పుడే సూసినాను. ఠీక్ హై, రేపు రా" అన్నారు. వీధంతా నన్నే చూసింది. అప్పులవాడిలా వెనక్కొచ్చాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో నా వ్యవహారం. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని యార్డు చూపించిన మనిషేనా మీరు? నాకు చాలా బాధగా ఉంది. మీ తరఫున నేనింక వాదించలేను. స్టేషన్ నెలాఖరుకి అప్పగించండి.

సిరిల్


నిమ్‌పురా,
జూన్ 25

నాన్నా సిరిల్,

నీ మెయిలు మూడు రోజులుగా చదువుతున్నాను. నువ్వు సోమవారం మా ఇంటికి వచ్చావని అది చదివేదాకా నాకు తెలియదు. ఎర్రయ్యని అడిగాను. నా చెవి దగ్గర నోరు పెట్టి, "కుర్రోడు అరగంట బాదినాడయ్యా, నీకు ఇనపడ్నేదా?" అన్నాడు. నాకు వినపడలేదు. ఆ రోజే కాదు, రెండేళ్లుగా నాకు సరిగ్గా ఏమీ వినపడటం లేదు.

శంఖం సామెత రాశావు. నువ్వు తెలిసి రాసి ఉంటే తిట్టేవాణ్ణి. తెలియక రాశావు కాబట్టి ఏమనను?

చెవి మిషను పెట్టించుకోలేదా అని అడుగుతావు. పెట్టించుకున్నాను. ఫ్యాను చప్పుడు బ్రహ్మాండంగా వినిపించింది, మనుషులు మాత్రం వినిపించలేదు. పైగా చర్చిలో అది చూసిన ప్రతివాడూ చిన్నపిల్లాడికి చెప్పినట్టు అరిచి చెప్పడం మొదలెట్టాడు. తీసి బీరువాలో పెట్టాను. ఫోను ఎత్తనిది అందుకే. నోటిమాట, కాగితం అంటూ నీకు చెప్పిన పాఠమంతా ఒట్టి ముసుగు.

ఇక రైళ్ల సంగతి. ఇన్నాళ్లూ ఆట ఆడింది నేనొక్కణ్ణే కాదు. మీ పెద్దమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, గంట మోగగానే నా భుజం తట్టేది. నేను మీట నొక్కేవాణ్ణి. ఆమెకి ఆ ఆట ఏమిటో కూడా తెలియదు. ఆమె విజయనగరం వెళ్లిన రోజు నుంచే మీ రైళ్లు ఆగడం మొదలైంది. గంట మోగినప్పుడు తెర మూలన పసుపు చుక్క కూడా వెలుగుతుంది, నిజమే. దాన్నే రెప్పవేయకుండా చూస్తూ రోజంతా కూర్చున్న రోజులున్నాయి. పొయ్యి మీద పప్పు చూసి వచ్చేసరికి నీ రైలు పావుగంటగా నిలబడి ఉండేది. నాకు వినపడలేదు అని రాయలేక, ఏ రూలు అతుకుతుందా అని వెతికి రెండు పేజీలు రాసేవాణ్ణి. మీరు నమ్మారు. రైల్వేవాడు రూలు చెప్తే ఎవరైనా నమ్ముతారు. బిరుదు వచ్చిందని నువ్వు రాసినప్పుడు నాకు కోపం వచ్చింది మీ మీద కాదు. నా అబద్ధానికి కిరీటం పెట్టారు, అది చూసి సిగ్గేసింది.

సభలో ముప్ఫై ముఖాలు పెదాలు కదిపాయి. ఆ అమ్మాయి అడిగింది వంట గురించేమో అనుకున్నాను. తర్వాత ఎవరెప్పుడు ఏమడుగుతారో తెలియక, రాసుకొచ్చింది గబగబా చదివేశాను. మీరందరూ నోళ్లు తెరిచారు. మెచ్చుకుంటున్నారనుకుని నవ్వాను రా.

స్టేషన్ తీసుకోండి. న్యాయంగా అది నా దగ్గర ఉండకూడదు. ఇంకొకరి రైలు నా వల్ల ఆగడం నాకు ఇష్టం లేదు. ఈ మెయిలు గుంపులో పెట్టు, అందరూ చదవనీ. దాచిపెట్టి దాచిపెట్టి విసుగొచ్చింది.

ఒక్కటే అడుగుతున్నాను. స్టేషన్‌తో పాటు పేరు కూడా తీసేయాలనే నియమం నేను రాయించిందే, తప్పు రాయించాను. దాన్ని మార్చి, నా బ్లాగు ఉంచండి. ఇంట్లో, వీధిలో, చర్చిలో అందరూ నోళ్లు కదుపుతున్నారు, నేను తల ఊపుతున్నాను. జెన్నిఫర్ మొదటి భాగం, అనిల్ సాకులు, నువ్వు నన్ను తిట్టిన తిట్లు, ఇవన్నీ మీరు రాస్తారు కాబట్టి నాకు ఒక్క ముక్క పోకుండా అందుతున్నాయి. నన్ను అక్కణ్ణుంచి కూడా పంపేస్తే, నాతో మాట్లాడేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

ప్రేమతో
మీ పెదనాన్న
ఆమోసు