‘రన్’ అనే మాటలో మా ఇల్లు

బుధవారం, మధ్యాహ్నం

పూజ్యురాలైన అక్కకు, బావగారికి నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. కోపంగా ఉన్నా నువ్వూ కులాసాగానే ఉంటావని నాకు తెలుసు.

ఈ నిఘంటువు ఉద్యోగం మానేసి ఆదివారానికల్లా వచ్చేయమని, మంచి సంబంధం చూశానని రాశావు. ఒక్క ఇంగ్లీషు మాటకు ఇన్నాళ్లా అని బావగారు నవ్వారటగా. ఆ మాట ‘రన్’. దానికి పరుగెత్తడం తప్ప ఇంకేం అర్థం ఉంటుందిలే అని నేనూ అనుకున్నాను. తవ్వేకొద్దీ వస్తూనే ఉంది. కుళాయిలో నీళ్లు పారడం అదే, జలుబుకు ముక్కు కారడం అదే, ఎన్నికల్లో నిలబడటమూ అదే! పరుగెత్తడానికీ నిలబడటానికీ ఒకే మాటేమిటని రోజంతా తల పట్టుకున్నాను.

మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ప్రతి అర్థానికీ ఒక వాక్యం రాయాలి. అది మనకు తెలిసినవాళ్లకు నిజంగా జరిగిందై ఉండాలి. కల్పించి రాస్తే మా సంపాదకుడు, మేం పెద్దాయన అంటాం, ఇట్టే పసిగట్టి కొట్టేస్తారు. అందుకని మిమ్మల్ని రాసేశాను. బావగారు బస్సు నడుపుతారు. అక్క కుట్టు దుకాణం నడుపుతుంది. అక్క చీర రంగు దిగి బావగారి తెల్లచొక్కాలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. ఇది చదివి పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వారు.

అన్నిటికీ వాక్యాలు కుదిరితేనే ఉద్యోగం ఖాయమన్నారు. ఒక్కటి మాత్రం మొరాయించింది. ఈరోజు పొద్దున అదీ కుదిరింది, ఉద్యోగం ఖాయమైంది. చాలా సంతోషంగా ఉన్నానక్కా. అమ్మ లేని లోటు తెలియకుండా పెంచావు. నీకు ఎదురు చెప్పాలంటే ఇప్పటికీ నోరు పెగలదు. అందుకే ఇంత సాగదీశాను.

ఇట్లు,
మొదటిసారి నీ మాట వినని
నీ చెల్లెలు

తా.క.: మొరాయించిన అర్థం, ఇంట్లో చెప్పకుండా ఇష్టపడ్డవాడితో వెళ్లిపోవడం. మన వంశంలో అలాంటి ఘనులెవరూ లేరాయె. నా గురించే రాసిన వాక్యాన్ని, ఇంకా జరగలేదుగా అంటూ పెద్దాయన తిప్పి పంపారు. నిన్న రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. అతను మా దగ్గర ప్రూఫులు దిద్దుతాడు. సాక్షి సంతకం పెద్దాయనదే. వాక్యం కోసం చేసుకోలేదక్కా, అతనంటే ఇష్టమయ్యే చేసుకున్నాను. నీకు చెప్పే ధైర్యమే చాల్లేదు. ఆదివారం ఇద్దరం వస్తున్నాం. ఎంత తిట్టినా పడతాను, తలుపు మాత్రం నువ్వే తియ్యి.